తిరుగు ప్రయాణానికి లెక్కే రక్ష
* వ్యోమనౌకపై గాలి తాకిడిని కంప్యూటర్‌ ముందే చెప్పేదిలా..

మాదాపూర్‌: మాదాపూర్‌లోని సైబర్‌ టవర్స్‌ 1998 నవంబరులో ప్రారంభమయ్యాక హైదరాబాద్‌కు కంప్యూటర్‌ నగరమన్న పేరు స్థిరపడింది. అంతకు పదేళ్ల ముందే, 1988లో, నగరానికి మరో కొసన కంచన్‌బాగ్‌లో రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ ‘అనురాగ్‌’ అనే ప్రయోగశాలను నెలకొల్పింది. క్షిపణులపై గాలి ప్రభావాన్ని లెక్కగట్టేందుకు అక్కడి శాస్త్రవేత్తలు అనేక ప్రాసెసర్లను జోడించి ‘పేస్‌’ అనే కంప్యూటర్‌ను రూపొందించారు. అంతరిక్షం నుంచి మనుషులను క్షేమంగా దించేందుకు నేడు ఆధారమవుతున్నదీ ఆ కోవకు చెందిన లెక్కల విద్యే.

గాలిని గడులుగా విభజించి..
భూకక్ష్య నుంచి తిరిగొచ్చే నౌక సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్ల వేగంతో వాతావరణంలోకి ప్రవేశిస్తుంది. ముందున్న గాలి పక్కకు తప్పుకొనే వ్యవధి లేక నొక్కుకుపోయి వేల డిగ్రీలకు వేడెక్కుతుంది. నౌక అడుగుభాగాన్ని సూదిగా కాక వెడల్పుగా, గుండ్రంగా మలిస్తే ఆ గాలి పొర కాస్త ఎడంగా నిలుస్తుంది. వేడిలో అధిక భాగం గాలిలోనే కలిసిపోతుంది.

దీన్ని ముందే అంచనా వేయడానికి నౌక చుట్టూ ఉన్న ప్రదేశాన్ని కంప్యూటర్‌లో లక్షలాది గడులుగా విభజిస్తారు. ఒక్కో గడిలోకి వచ్చే గాలి, బయటకు పోయే గాలి, ఒత్తిడి, వేడిని లెక్కించి పక్క గడులతో సరిచూస్తారు. నౌక ఏ కోణంలో స్థిరంగా నిలుస్తుంది, ఉష్ణకవచం ఎంత మందం ఉండాలి అన్నవి తేల్చడానికి ఈ లెక్కలే ఆధారం.

అంచనా తప్పిన వేళ
1981 ఏప్రిల్‌లో అమెరికా కొలంబియా షటిల్‌ తొలి యాత్ర ముగించుకుని వస్తుండగా, దాని ముక్కు అంచనాకు మించి పైకి లేవబోయింది. అదుపు చేయడానికి తోక కింది ఫలకాన్ని అనుకున్నదానికి దాదాపు రెట్టింపు వంచాల్సి వచ్చింది. ఫలకానికి ఇంకా వంగే వీలుండటంతో ఇద్దరు వ్యోమగాములూ క్షేమంగా దిగారు. తీవ్రమైన వేడికి గాలిలోని అణువులు విడిపోయి దాని స్వభావం మారడం ఇందుకు ముఖ్య కారణమని తర్వాతి విశ్లేషణల్లో తేలింది. విండ్‌ టన్నెల్‌ పరీక్షల్లో ఆ మార్పు పూర్తిగా బయటపడలేదు.

ప్రయోగంతోనే నిర్ధారణ
అందుకే లెక్కను ప్రయోగంతో సరిచూడటం తప్పనిసరి. శ్రీహరికోట నుంచి 2007 జనవరి 10న ఇస్రో పంపిన ఎస్‌ఆర్‌ఈ-1 అదే నెల 22న బంగాళాఖాతంలో దిగింది. 2014 డిసెంబరు 18న మానవరహిత ‘కేర్‌’ మాడ్యూల్‌ 126 కిలోమీటర్ల ఎత్తు నుంచి తిరిగొచ్చింది. గగన్‌యాన్‌ లెక్కలకు తిరువనంతపురంలోని విక్రం సారాభాయ్‌ అంతరిక్ష కేంద్రం రూపొందించిన ‘ప్రవాహ’ సాఫ్ట్‌వేర్‌ను విస్తృతంగా వినియోగించినట్లు ఇస్రో 2024లో ప్రకటించింది. తిరుగు ప్రయాణంలో గాలి అణువులు విడిపోయే దశకు సంబంధించిన లెక్కలను సరిచూసే పని మాత్రం అప్పటికింకా కొనసాగుతోంది. 1981లో అంచనాలను తారుమారు చేసిందీ ఆ దశే.