బాలనేరస్థుని వెనుకనున్న పెద్దలు

ఒక బాలుడు ఘోర నేరం చేసినాడని వినగానే వాని వయస్సెంత అని అడుగుతాము. వానిని ఆ పనికి పంపినవారెవరని అడగము. డికెన్స్ నవల 'ఆలివర్ ట్విస్ట్'లోని ఫాగిన్ దిక్కులేని పిల్లలకు తిండి, నీడ కల్పించి జేబులు కొట్టడం నేర్పుతాడు. (అతని మతాన్ని రచయిత పదేపదే ఎత్తిచూపడం లోపమే, అది వేరు సంగతి.) బెదిరింపు తరువాతిది, ఆదరణ ముందుది. నేటికీ పద్ధతి ఇదే.

పదహారేండ్లు నిండి పద్దెనిమిది నిండని వానిపై, కనీస శిక్ష ఏడేండ్లు గల నేరం ఆరోపితమైతే, 2015 నాటి బాల న్యాయ చట్టం క్రింద బాల న్యాయ మండలి ప్రాథమిక పరిశీలన జరుపుతుంది. ఇది నేర విచారణ కాదు. నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాన్ని గ్రహించే శక్తి, నాటి పరిస్థితులు - ఈ మూడింటిని చూస్తారు. మూడవదే ముఖ్యమని నా అభిప్రాయం. వేగంగా పరుగెత్తగలడు, పొట్లం దాచగలడు, చట్టం కూడ వానిపట్ల మెత్తన. ఆ సామర్థ్యాన్ని చూచియే గదా పెద్దవాడు వానిని ఎన్నుకొన్నది!

ఆ పెద్దలకూ శిక్ష ఉన్నది. పిల్లలను అక్రమ కార్యాలకు వాడుకొంటే ఏడేండ్ల వరకు కఠిన కారాగారం, ఐదు లక్షల జరిమానా. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయ సంహిత 95వ సెక్షను ప్రకారం, బాలునిచేత నేరం చేయించినవాడు దానిని స్వయంగా చేసినట్లే శిక్షార్హుడు.

అయితే పేరు చెప్పవలసినది ఆ బాలుడే. పరిశీలనకు చట్టం నిర్దేశించిన గడువు మూడు నెలలు. తనకు అన్నం పెట్టి, "తమ్ముడూ" అని పిలిచిన మనిషి పేరు చెప్పడానికి ఆ మూడు నెలలు వానికి చాలకపోవచ్చు.