ఇంటి ఎల్లిగడ్డ: నాటే నెల తప్పితే గడ్డ ఊరదు

2024 ఆరంభంలో కిలో వెల్లుల్లి 400 రూపాయలు దాటినప్పుడు అద్రక్-లహసున్ నూరే ప్రతి ఇంటికీ ఆ సెగ తగిలింది. బిర్యానీ అయినా, ఖీమా అయినా, దాల్చా అయినా లహసున్ లేకుండా కుదరదు కదా. అలాంటప్పుడు పెరట్లోనో, మిద్దె మీదో నాలుగు రెబ్బలు గుచ్చుదామనిపిస్తుంది. గుచ్చితే ఆకు పచ్చగా వస్తుంది కానీ చాలాసార్లు కింద గడ్డ ఉండదు. తప్పు ఎరువుది అనుకుంటారు. ఎక్కువగా తప్పు నాటిన నెలది.

వెల్లుల్లి మొదట చల్లని రోజుల్లో ఆకులు పెంచుకుంటుంది. ఆ తర్వాత పగలు పెరిగి, ఎండ ముదిరేటప్పుడు గడ్డ ఊరుతుంది. చలి చాలకపోతే రెబ్బలుగా విడిపోకుండా చిన్న ఉల్లిపాయలా ఒంటిగడ్డగానే మిగిలిపోతుంది. మన దగ్గర చలి ఉండేదే రెండు మూడు నెలలు. అందుకే అక్టోబర్ నడుమ నుంచి నవంబర్ నడుమ లోపు నాటేయాలి. జనవరిలో నాటితే ఆకుకూరే దక్కుతుంది. ఆదిలాబాద్, జహీరాబాద్ లాంటి చలి ప్రాంతాల వారికి కోస్తా వారికంటే ఇది సులువు.

విత్తనం విషయంలో పిసినారితనం వద్దు. లావు రెబ్బలు నాటాలి, సన్నవి వంటకు వాడుకోవాలి. యమునా సఫేద్, అగ్రిఫౌండ్ వైట్, భీమా పర్పుల్ మైదాన ప్రాంతాల రకాలు. కొండ ప్రాంతాల పెద్ద రెబ్బల రకాలు చూడ్డానికి బాగుంటాయి కానీ ఇక్కడ గడ్డ కట్టవు. చైనా వెల్లుల్లి జోలికి అసలే పోవద్దు. ఫంగస్ భయంతో 2014లోనే ప్రభుత్వం దాని దిగుమతిని నిషేధించింది.

పాయను నాటే రోజే విడదీయాలి, పొట్టు తీయకూడదు. మొన పైకి ఉండేలా రెండంగుళాల లోతులో, నాలుగంగుళాలకు ఒకటి చొప్పున పెట్టి, వరుసల మధ్య ఆరంగుళాలు వదలాలి. మట్టి గుల్లగా ఉండాలి. బాగా మాగిన పశువుల ఎరువు, వర్మీ కంపోస్ట్, గుప్పెడు వేపపిండి కలిపితే చాలు. పచ్చి పేడ వేస్తే కుళ్లు వస్తుంది. కుండీ అయితే ఎనిమిది అంగుళాల లోతైనా ఉండాలి. పైన ఎండుగడ్డి పరిస్తే తడి ఆరదు, కలుపూ తగ్గుతుంది.

వేర్లు పైపైనే ఉంటాయి కాబట్టి నీళ్లు కొద్దికొద్దిగా ఇవ్వాలి, నిలవనివ్వొద్దు. ఆకుల మీద తెల్లటి చారలు కనిపిస్తే తామర పురుగులు వచ్చినట్టే. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం చల్లాలి. రెండు నెలలు దాటాక ఎరువు ఆపేయడం మంచిది.

రంజాన్ ఇప్పుడు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తోంది. అప్పటికి మొక్కకు ఒకటి రెండు చొప్పున లేత ఆకులు కోసి ఖీమాలోనో, ఆమ్లెట్‌లోనో వేసుకోవచ్చు. పచ్చివి తిని మస్జిద్‌కు రావద్దన్న హదీసు ఉంది కాబట్టి వండినవే మేలు.

ఆకులు సగం పండాక, తవ్వడానికి రెండు మూడు వారాల ముందు నీళ్లు పూర్తిగా ఆపాలి. చాలామంది తప్పేది ఇక్కడే. తడి మీద తవ్విన గడ్డ నెలకే మెత్తబడుతుంది. తవ్వాక కడగకూడదు. ఆకులతో సహా నీడలో రెండు వారాలు ఆరబెట్టి, జడలా అల్లి గాలి తగిలేచోట వేలాడదీయాలి.

చదరపు మీటరుకు అరవై పాయల దాకా, అంటే బాగా వస్తే కిలోన్నర. ఏడాదికి సరిపోదు, నిజమే. అందులోంచి పెద్ద పాయలు నాలుగైదు వచ్చే అక్టోబర్‌కు విత్తనంగా పక్కన పెట్టుకోవాలి.