లెట్యూసు ఆకులలోని రుచిభేదములు

ఫలహారశాలలలో బర్గరు రొట్టెల నడుమ దాగివచ్చు పాలిపోయిన ఆకును మాత్రమే ఎఱిగినవారు, లెట్యూసు అనగా కరకరలాడు నీరు తప్ప మఱేమియు కాదని తలంచుట సహజము. అయితే ఆ తలంపునకు కారణము వారి జిహ్వాదోషము గాక, వారికి లభించిన రకమే యని చెప్పవలసియున్నది. చేమంతి, ప్రొద్దుతిరుగుడు మొక్కల కుటుంబమునకే చెందిన ఈ శాకమును ప్రాచీన ఈజిప్టువాసులు పెంచి, సంతానప్రదుడగు మిన్ దేవునకు సమర్పించెడివారు. వారి శిల్పములయందు కానవచ్చు లెట్యూసు నిలువుగా, పొడవుగా ఎదిగినదే కాని, నేటి అంగళ్లలోని గుండ్రని ముద్ద కాదు.

ఆ నిలువుపోకడ నేడు రొమెయిన్ రకమునందు నిలిచియున్నది. దాని నడిమి ఈనె దళసరియై, విరిచినంతనే ఫటీలున తెగి నీరూరును; ఆకుకొనలయందు మాత్రము సన్నని చేదు పొడసూపును. గుడ్డు, నూనె, చీజు కలిపిన చిక్కని రసమును పోసినను వాడిపోని బిగువు దానికి కలదు. కావుననే, ఇటలీనుండి వచ్చి మెక్సికో సరిహద్దు పట్టణమగు టిహువానాలో భోజనశాల నడిపిన సీజర్ కార్డిని 1924లో కూర్చెనని ప్రసిద్ధికెక్కిన సీజర్ సలాడునకు రొమెయినే ఆధారమయ్యెను.

దీనికి పూర్తిగా భిన్నమైనది బటర్‌హెడ్. వదులుగా ముడుచుకొన్న దాని ఆకులు మిక్కిలి మెత్తనివి, ఇంచుక తీయనివి. వ్రేలితో నొక్కినచో నలిగిపోవును గనుక దూరప్రయాణమునకు పనికిరావు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున పుట్టిన బిబ్ ఈ తెగలో మేటి. ఇక ముద్దకట్టక విచ్చుకొనియుండు తెగలో, అంచులు కుచ్చిళ్లు పోసినట్లుండు ఇటలీవారి లొల్లో రొస్సో చూపునకే విందు. దాని ఎఱుపు ఆంథోసయానిన్ల వలన కలిగినది.

నా మట్టుకు లెట్యూసునకు ప్రాణము చేదే. కాండమును కోసి ఒక్క క్షణము చూచినచో తెల్లని పాలు బొట్లుగా ఊరును. లాక్ట్యూసిన్ మొదలగు చేదు పదార్థములు ఆ పాలలోనే యుండును. ఎండలు ముదిరినచో మొక్క పూకాడ వేయును, చేదు హద్దుమీరును. ఈ కారణముననే తెలుగునాట వేసవిలో ఆరుబయట దీనిని పెంచబూనుట వృథాప్రయాస, చలికాలమే తగిన అదను. మెంతికూరను మెచ్చు మన నాలుకకు ఆ చేదు పరాయిది కానేరదు. కాని వ్యాపారమునకు కావలసినది వేఱు. 1894లో బర్పీ విత్తనసంస్థ అమెరికాలో విక్రయమునకు తెచ్చిన ఐస్‌బర్గ్ పేరిట వెలసిన గట్టిముద్ద తెగ, కాలిఫోర్నియాలోని సలీనాస్ లోయనుండి మంచుగడ్డల నడుమ రైలుపెట్టెలలో ఖండపు ఆవలి తీరమునకు చేరినను వాడకుండెను. రుచి స్వల్పమైనను, అంగడిని జయించుటకు ఆ ఓర్పే చాలెను.

ఇవన్నియు ఆకుకొఱకు పెంచు రకములు; చీనాదేశీయులు మాత్రము వోసున్ అను లెట్యూసునందు ఆకుకంటె కాండమునకే హెచ్చు విలువనిత్తురు. పీచుగట్టిన తొక్కను చెక్కివేసి, లోపలి లేతపచ్చని భాగమును సన్నని పేళికలుగా తరిగి, కాగిన నూనెలో కొలదిసేపు వేయింతురు. వేగినను దాని కరకర పోదు.