గోనె సంచి వెనుక నూట నలభై ఏళ్ల సంఘం

ధాన్యం కొనుగోళ్లు మొదలైన ప్రతిసారీ గోదావరి జిల్లాల నుంచి తెలంగాణ పల్లెల వరకు వినిపించే ప్రశ్న ఒకటుంది: గోనె సంచులు వచ్చాయా, లేదా? కల్లంలో రాశి సిద్ధంగా ఉన్నా సంచి లేకపోతే తూకం ఆగిపోతుంది. ఆ సంచుల్లో అత్యధిక భాగం కోల్‌కతా పరిసరాల్లో హుగ్లీ నదికి ఇరువైపులా బారులు తీరిన మిల్లుల నుంచే దేశమంతటికీ వెళ్తుంది. ఆ మిల్లుల యజమానుల తరఫున 1884 నుంచి మాట్లాడుతున్న సంస్థ ఇండియన్ జూట్ మిల్స్ అసోసియేషన్.

దేశంలో పరిశ్రమల యజమానుల సంఘాలకు కొదవ లేదు. అయితే మిల్లులు ఎంత నడవాలన్న దానికంటే ఎంత ఆగాలన్న దానిపైనే దశాబ్దాల తరబడి తర్జనభర్జన పడిన సంఘాలు అరుదు. సరుకును అదుపులో ఉంచి ధరను నిలబెట్టుకోవడం ఈ సంఘానికి తొలినాటి నుంచీ ప్రధాన లక్ష్యం. అందుకోసం మొదట సభ్యులు తమలో తాము ఒప్పందాలు కుదుర్చుకున్నారు. అవి చాలనప్పుడు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. స్వాతంత్ర్యానంతరం, ప్లాస్టిక్ పోటీ ముంచుకొచ్చినప్పుడు, పార్లమెంటు చట్టమే అండగా నిలిచింది. ఈ మూడు దశల్లోనూ నిర్ణయాలు జరిగిన చోట తగిన స్థానం దక్కనివారు ఇద్దరు: నార పండించిన రైతు, మగ్గం నడిపిన కార్మికుడు. ఆ నిర్ణయాల భారం మాత్రం ఎక్కువగా వారిపైనే పడింది.

హుగ్లీ తీరాన పుట్టుక

బెంగాల్ జనపనారను యంత్రాలతో నేయడం ముందుగా స్కాట్లాండ్‌లోని డండీ పట్టణంలో మొదలైంది. క్రిమియా యుద్ధకాలంలో రష్యా నుంచి అవిసెనార, జనుము రాక దెబ్బతినడంతో జనపనారకు గిరాకీ పెరిగింది. ముడిసరుకు పండే చోటే మిల్లు పెడితే లాభమన్న ఆలోచనతో జార్జి ఆక్లండ్ 1855లో, బెంగాలీ వ్యాపారి విశ్వంభర సేన్ పెట్టుబడి తోడ్పాటుతో, హుగ్లీ తీరాన రిష్రా వద్ద తొలి నూలు మిల్లును నెలకొల్పారు. 1859లో బారానగర్ వద్ద బోర్నియో కంపెనీ మరమగ్గాలను ప్రవేశపెట్టింది. ఆ తర్వాత పాతికేళ్లలో మిల్లులు ఒకదాని వెంట ఒకటి వెలిశాయి. సరుకు సంతను మించిపోయింది. ధరలు పడిపోయాయి.

సంఘం పుట్టుకకు ఈ సంక్షోభమే కారణం. 1884లో ఏర్పడిన సంఘం 1902లో ప్రస్తుత పేరును స్వీకరించింది. పుట్టిన రెండేళ్లకే, 1886లో, పని వేళలను కుదించుకునేందుకు సభ్యులు ఐదేళ్ల ఒప్పందానికి వచ్చారు. అంగీకరించిన వేళలకు మించి ఎవరూ మిల్లు నడపరాదన్నది దాని సారాంశం.

ఇటువంటి ఒప్పందం నిలబడటానికి వీలు కల్పించింది మేనేజింగ్ ఏజెన్సీ పద్ధతి. ఆండ్రూ యూల్, బర్డ్, థామస్ డఫ్, జార్డిన్ స్కిన్నర్ వంటి కొద్ది బ్రిటిష్ సంస్థలు ఒక్కొక్కటి పలు మిల్లుల యాజమాన్య బాధ్యతలు చూసేవి. క్లైవ్ స్ట్రీట్‌లో కొద్దిమంది ఒక గదిలో కూర్చుంటే వేలాది మగ్గాల సంగతి తేలిపోయేది. బెంగాల్ చాంబర్ ఆఫ్ కామర్స్ అండ ఎలాగూ ఉంది. 1919 సంస్కరణల తర్వాత బెంగాల్ శాసనమండలిలో ఈ సంఘానికి ప్రత్యేక స్థానాలు కూడా కేటాయించారంటే దాని పలుకుబడి ఏపాటిదో ఊహించవచ్చు.

యుద్ధలాభాలు, కొత్త పోటీదారులు

మొదటి ప్రపంచయుద్ధం మిల్లులకు కనకవర్షం కురిపించింది. కందకాల ముందు పేర్చే ఇసుక సంచులు కోట్ల సంఖ్యలో అవసరమయ్యాయి. వాటాదారులకు అంతకుముందెన్నడూ ఎరుగని డివిడెండ్లు దక్కాయి. అయితే ఆ లాభాలే కొత్తవారిని రంగంలోకి ఆకర్షించాయి. ముడి జనపనార వ్యాపారంలో ఆరితేరిన మార్వాడీ వర్తకులు మిల్లుల స్థాపనకు పూనుకున్నారు. 1919లో ఘనశ్యామ్‌దాస్ బిర్లా సొంత జూట్ మిల్లుకు శ్రీకారం చుట్టారు. ఇండోర్‌కు చెందిన హుకుంచంద్ సంస్థ కూడా అదే కాలంలో రంగప్రవేశం చేసింది. 1925లో కలకత్తాలో భారతీయ వర్తకుల కోసం ఇండియన్ చాంబర్ ఆఫ్ కామర్స్ అవతరించడం ఈ మార్పునకు మరో సంకేతం.

సంఘంలో చేరని మిల్లులకు ఒక సౌలభ్యం ఉంది. సభ్య మిల్లులు గంటలు తగ్గించుకుని ధర నిలబెడితే, బయటి మిల్లులు రేయింబవళ్లు పనిచేసి ఆ ధరకే సరుకు అమ్ముకోగలవు. ఒకరి ఉపవాసం మరొకరికి విందు అయిందన్నమాట. ఆదంజీ హాజీ దావూద్ నెలకొల్పిన మిల్లు, అమెరికన్ యాజమాన్యంలోని లడ్‌లో మిల్లు ఇలా బయట ఉండి సంఘానికి తలనొప్పిగా మారిన వాటిలో ఉన్నాయి.

ఒప్పందం విఫలమై ఆర్డినెన్సు

ఈ పోటీకి జవాబుగా సంఘం 1929 జూలై 1 నుంచి వారపు పనిని 54 గంటల నుంచి 60 గంటలకు పెంచింది. పెరిగిన గంటలకు తగిన వేతనం ముట్టలేదన్న ఆగ్రహంతో కార్మికులు సమ్మెకు దిగారు. ప్రభావతీ దాస్‌గుప్తా వంటి నేతల ఆధ్వర్యంలో ఆ సమ్మె హుగ్లీ తీరమంతటా పాకింది. బీహార్, సంయుక్త రాష్ట్రాల వారితోపాటు గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వలస వెళ్లిన తెలుగువారు కూడా ఆ మిల్లుల్లో పనిచేసేవారు. టిటాగఢ్ వంటి మిల్లు పేటల్లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడ్డాయి.

ఆ వెంటనే ప్రపంచ ఆర్థికమాంద్యం విరుచుకుపడింది. ఎగుమతులు పడిపోవడంతో 60 గంటలు కాస్తా 1930లో తిరిగి 54కు, 1931లో 40కి దిగివచ్చాయి. అంతటితో ఆగక నూటికి 15 మగ్గాలకు సీళ్లు వేశారు. పదుల వేల కార్మికులు ఉపాధి కోల్పోయారు. మిల్లులు కొనుగోళ్లు తగ్గించడంతో తూర్పు బెంగాల్ రైతుకు గిట్టుబాటు మాట అటుంచి సాగు ఖర్చులు కూడా రాని దుస్థితి దాపురించింది. మిల్లు యజమానులకు ఉత్పత్తి తగ్గించుకునేందుకు సంఘం ఉంది. లక్షలాది సన్నకారు రైతులకు అటువంటిదేదీ లేదు. దళారుల చేతులు దాటుకుని నార మిల్లుకు చేరేసరికి వచ్చిన ధర రైతు అప్పు వడ్డీకే చాలేది కాదు.

సంఘంలోని క్రమశిక్షణ కూడా ఎంతోకాలం నిలవలేదు. బయటి మిల్లులు విస్తరిస్తుంటే తాము చేతులు కట్టుకుని కూర్చోవడమేమిటని సభ్యులే తిరగబడ్డారు. 1936 నాటికి ఒప్పందం కుప్పకూలింది. సీళ్లు ఊడిపోయాయి. 1937లో రెండు లక్షలకు పైగా కార్మికులు పాల్గొన్న సార్వత్రిక సమ్మె బెంగాల్‌ను కుదిపివేసింది. ధరలు మరింత దిగజారడంతో 1938 సెప్టెంబరులో ఫజ్లుల్ హక్ ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా మిల్లుల పనిని వారానికి 45 గంటలకు పరిమితం చేసింది. స్వేచ్ఛా వాణిజ్యాన్ని నమ్ముకున్న వర్తకులు తమ ఒప్పందాన్ని తాము నిలుపుకోలేక ప్రభుత్వ శాసనాన్ని ఆశ్రయించడం ఆ పరిణామంలోని విశేషం. ఆ ఒత్తిడితో బయటి మిల్లులు కూడా దారికి వచ్చి 1939 ఆరంభంలో కొత్త ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది బెంగాల్ జనపనార నియంత్రణ చట్టం రైతు సాగుచేసే విస్తీర్ణాన్ని కూడా పరిమితుల్లోకి తెచ్చింది.

పంట అటు, మిల్లులు ఇటు

1947 నాటి దేశవిభజన ఈ పరిశ్రమను నడిమికి చీల్చింది. మిల్లులన్నీ భారతదేశంలో మిగిలాయి. మేలైన నార పండే నేలల్లో అధికభాగం తూర్పు పాకిస్థాన్‌కు పోయింది. అక్కడ ఒక్క మిల్లు కూడా లేదు. 1949 సెప్టెంబరులో భారతదేశం రూపాయి విలువను తగ్గించగా పాకిస్థాన్ తగ్గించలేదు. దాంతో సరిహద్దుకు ఆవలి నార ఒక్కసారిగా ప్రియమైపోయింది. ఉభయ దేశాల మధ్య వాణిజ్యం స్తంభించి 1951 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరేదాకా ప్రతిష్టంభన సాగింది.

భారత ప్రభుత్వం పశ్చిమ బెంగాల్, అస్సాం, బీహార్‌లలో సాగును విశేషంగా ప్రోత్సహించింది. 1950-51 నాటికి దేశంలో పంట దాదాపు 33 లక్షల బేళ్లకు చేరింది. మూడేళ్లలో ఇది ఇంచుమించు రెట్టింపు. అటు పాకిస్థాన్ కూడా ఊరకుండలేదు. ఆదంజీ కుటుంబం ఢాకా సమీపాన నారాయణ్‌గంజ్‌లో నెలకొల్పిన మిల్లు 1951లో ఉత్పత్తి ఆరంభించి, కాలక్రమంలో ప్రపంచంలోనే అతిపెద్ద జనపనార మిల్లుగా పేరుపొందింది. ఒకప్పుడు కలకత్తాలో సంఘం వెలుపల ఉన్న పోటీ ఇప్పుడు దేశం వెలుపలికి చేరింది. సంఘం ఒప్పందాలేవీ ఆ సరిహద్దు దాటి చెల్లవు.

ఈలోగా కలకత్తాలో బ్రిటిష్ ఏజెన్సీల యుగం ముగిసింది. మిల్లులు క్రమంగా మార్వాడీ సంస్థల చేతుల్లోకి వచ్చాయి. సంఘం కార్యాలయం ఉన్న క్లైవ్ స్ట్రీట్ నేతాజీ సుభాస్ రోడ్డుగా మారింది.

ప్లాస్టిక్ దెబ్బ, చట్టం అండ

1960 దశకం నుంచి జనపనారకు అసలు శత్రువు ప్రయోగశాల నుంచి వచ్చింది. అమెరికాలో తివాచీల అడుగున వేసే జనపనార వస్త్రం స్థానాన్ని పాలీప్రొపిలీన్ ఆక్రమించింది. సిమెంటు, ఎరువుల సంచుల్లోనూ ప్లాస్టిక్ చొరబడింది. మగ్గాలకు సీళ్లు వేసి ధర పెంచితే కొనుగోలుదారు ప్లాస్టిక్ వైపు మళ్లుతాడు. నూరేళ్ల సూత్రం ఇక పనికిరాకుండా పోయింది.

ప్రభుత్వ ప్రమేయం క్రమంగా పెరిగింది. రైతు నుంచి మద్దతు ధరకు నార కొనేందుకు 1971లో భారత జనపనార సంస్థ ఏర్పడింది. దివాలా దశలో ఉన్న ఆరు మిల్లుల జాతీయకరణతో 1980లో జాతీయ జనపనార ఉత్పత్తుల సంస్థ అవతరించింది. సంఘానికి నూరేళ్లు నిండిన 1984లోనే కార్మికులు 84 రోజులు సమ్మె చేయడం గమనార్హం.

1987లో పార్లమెంటు ఆమోదించిన జనపనార ప్యాకింగ్ చట్టం పరిశ్రమ గతిని మార్చింది. నిర్దేశించిన సరుకులను విధిగా జనపనార సంచుల్లోనే నింపాలని అది శాసించింది. సిమెంటు కంపెనీలు సవాలు చేసినా 1996లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. రైతులు, కార్మికుల జీవనోపాధి రక్షణ ఆ తీర్పుకు ముఖ్యమైన ఆధారం. అనంతర కాలంలో సిమెంటు, ఎరువులు చట్ట పరిధి నుంచి తొలగిపోయాయి. ఇటీవలి సంవత్సరాల ఉత్తర్వుల్లో ఆహారధాన్యాలకు నూటికి నూరు శాతం, పంచదారకు 20 శాతం నిబంధన కొనసాగుతూ వచ్చింది.

2023లో కేంద్రం వెల్లడించిన వివరాల ప్రకారం ప్రభుత్వం ఏటా సుమారు 12,000 కోట్ల రూపాయల విలువైన సంచులు కొంటోంది. మిల్లుల ఉత్పత్తిలో 75 శాతం సంచులే. వాటిలో 85 శాతం భారత ఆహార సంస్థకు, రాష్ట్రాల సేకరణ సంస్థలకు వెళ్తాయి. అంటే ఒకప్పుడు ప్రపంచానికి సంచులు అమ్మి ధర తానే శాసించిన పరిశ్రమకు నేడు కొనుగోలుదారు ప్రధానంగా ఒక్కరే.

అయినా ఈ రక్షణ అన్ని మిల్లులనూ కాపాడలేకపోయింది. ఉత్తరాంధ్రలో గోగునార ఆధారంగా వెలసిన నెల్లిమర్ల, చిట్టివలస మిల్లులు ఒకప్పుడు కలకత్తాకు చెందిన మెక్లియాడ్ ఏజెన్సీ అధీనంలోనివే. లాకౌట్లు, వేతన బకాయిలు అక్కడి కార్మికులకు కొత్త కాదు. 1994 జనవరిలో నెల్లిమర్ల కార్మికుల ఆందోళన పోలీసు కాల్పులకు, ప్రాణనష్టానికి దారితీసింది. చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది. మిల్లు మూతపడితే దానిని నమ్ముకుని గోగు వేసిన రైతుకు మరో పంట వెతుక్కోక తప్పదు.

సరిహద్దుకు ఆవల

బంగ్లాదేశ్ కథ కూడా ఊరట కలిగించేది కాదు. 1972లో జాతీయమైన మిల్లులు నష్టాల్లో కూరుకుపోయాయి. ఆదంజీ మిల్లు 2002 జూన్ 30న మూతపడింది. 2020 జూలైలో మిగిలిన 25 ప్రభుత్వ మిల్లులనూ అక్కడి ప్రభుత్వం మూసివేయగా దాదాపు 25,000 మంది కార్మికులు ఇంటిదారి పట్టారు. అయితే అక్కడి ప్రైవేటు మిల్లులు నాణ్యమైన నార, ఎగుమతి ప్రోత్సాహకాల బలంతో భారత విపణిలో పాగా వేశాయి. తక్కువ ధరకు సరుకు గుమ్మరిస్తున్నారన్న దేశీయ మిల్లుల ఫిర్యాదుపై విచారణ అనంతరం 2017 జనవరిలో కేంద్రం బంగ్లాదేశ్, నేపాల్ సరుకుపై యాంటీ డంపింగ్ సుంకం విధించింది. గరిష్ఠంగా టన్నుకు సుమారు 352 డాలర్లున్న ఆ సుంకాన్ని 2022 డిసెంబరులో పొడిగించారు. 2025 జూన్‌లో బంగ్లాదేశ్ జనపనార ఉత్పత్తులు పలు రకాలు భూమార్గంలో రాకుండా భారత్ నిషేధం విధించి, నవసేవ రేవుకు మాత్రమే అనుమతించింది.

దేశంలోపల ధర పేచీ తీరలేదు. 2021 సెప్టెంబరులో జనపనార కమిషనర్ ముడి నారకు క్వింటాలుకు 6,500 రూపాయల గరిష్ఠ పరిమితి విధించారు. ఆ ధరకు నార దొరకడం లేదంటూ మిల్లులు గగ్గోలు పెట్టాయి. కొన్ని మూతపడ్డాయి. చివరకు 2022 మే 20 నుంచి పరిమితిని ఎత్తివేశారు. మరోవైపు 2020 లాక్‌డౌన్ కాలంలో మిల్లులు నిలిచిపోయినప్పుడు ధాన్యం సేకరణ ఆగకుండా ప్రభుత్వం ప్లాస్టిక్ సంచులకు అనుమతి ఇవ్వవలసి వచ్చింది. సకాలంలో సరఫరా చేయలేకపోతే చట్టరక్షణలో మినహాయింపులు తప్పవని ఆ అనుభవం తెలియజెప్పింది.

ప్రభుత్వ లెక్కల ప్రకారం ఈ పరిశ్రమపై సుమారు 40 లక్షల రైతు కుటుంబాలు, దాదాపు నాలుగు లక్షల మిల్లు కార్మికులు ఆధారపడి ఉన్నారు. 1886లోనో 1931లోనో వీరి ప్రస్తావన లేకుండానే మిల్లుల గంటలు నిర్ణయమయ్యేవి. నేడు చట్టాన్ని కొనసాగించమని కోరడానికి సంఘం చూపించే మొదటి కారణం వీరే. సంచికి కేంద్రం చెల్లించే ధరలో రైతుకు, కార్మికుడికి దక్కుతున్న వాటా ఎంతన్నదే ఆ వాదనకు గీటురాయి. మద్దతు ధరకు సకాలంలో కొనుగోళ్లు, కార్మికులకు బకాయిల్లేని వేతనాలు, రాష్ట్రాలకు సీజన్‌కు ముందే సంచులు అందినంతకాలం చట్టానికి న్యాయం ఉంటుంది. అవి కొరవడితే ప్లాస్టిక్ సంచి తలుపు తట్టడానికి ఎంతోకాలం పట్టదు.