పాత బండికి కొత్త ప్రాణం

టేకులపల్లి అడవి అంచున ఉన్న మండలం. ఇల్లెందు నుంచి కొత్తగూడెం పోయే దారిలో ఉంది. 2016 వరకు ఇది ఖమ్మం జిల్లా. ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఇక్కడ పత్తి, మిర్చి, వరి, మొక్కజొన్న పండుతాయి. పంట మార్కెట్‌కు పోవాలి. ఎరువు బస్తాలు ఊరికి రావాలి.

ఒకప్పుడు ఈ పనంతా ఎడ్లబండి చేసేది. తరువాత ట్రాక్టర్లు, జీపులు వచ్చాయి. ఆ తరువాత చిన్న సరుకు బండ్లు వచ్చాయి. టాటా కంపెనీ 1988లో టాటామొబైల్ బండిని తెచ్చింది. 2005లో టాటా ఏస్‌ను తెచ్చింది. ముందు డ్రైవరు కూర్చునే గది, వెనుక సరుకు తొట్టి. ఇట్లాంటి బండిని ఊళ్లలో ట్రాలీ అంటారు.

కొత్త బండి కొనాలంటే లక్షలు కావాలి. పాతది తక్కువలో వస్తుంది. ఇంటి ముందు రేకుల షెడ్డు వేసి పాత బండ్లు బాగుచేసేవాళ్లు ఉన్నారు. సంఘం అప్పుతో పాత బండి కొని నడుపుకోవచ్చు. కానీ ఏది ముందు బాగుచేయాలి? ఏది తరువాత? ఇది తెలియకపోతే డబ్బు పోతుంది. ఒక్కోసారి ప్రాణమే పోతుంది.

రంగు చూసి మోసపోవద్దు

"రంగు చూడక్కా, కొత్తదాని లెక్క లేదూ!" అంటాడు అమ్మేవాడు. రంగు పైపూత మాత్రమే. బండి బరువంతా మోసేది కింద ఉండే చాసీ. ఇంటికి పునాది ఎట్లాగో బండికి చాసీ అట్లా.

కుండ కొనేటప్పుడు ఆడవాళ్లు వేలితో కొట్టి చూస్తారు. ఖంగుమంటే మంచిది. బీట ఉంటే డొల్లగా పలుకుతుంది. చాసీని కూడా చిన్న సుత్తితో అట్లాగే కొట్టి చూడాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్న చోట శబ్దం మందంగా వస్తుంది, పొట్టు రాలుతుంది. చాసీ చాలా చోట్ల తుప్పు తింటే ఆ బండి కొనకపోవడమే మేలు.

వెల్డింగు చేసే ముందు బ్యాటరీ తీగ విప్పాలి. డీజిల్ ట్యాంకు దూరంగా తీసి పెట్టాలి. పక్కన ఇసుక బక్కెట్టు ఉండాలి.

బండి కిందికి దూరేటప్పుడు

ఇంటి దగ్గరి షెడ్డుకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. జాకీ, పానాలు, సుత్తి, గ్రీజు గన్ను చాలు. నేల మాత్రం గట్టిగా, సమంగా ఉండాలి.

జాకీ ఒక్కదాన్ని నమ్మి ఎవరూ బండి కిందికి పోకూడదు. జాకీ జారితే బండి మీద పడుతుంది. చాసీ కింద ఇనుప స్టాండ్లు పెట్టాలి. నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మెలు పెట్టాలి. పిల్లలను దగ్గరికి రానీయకూడదు.

నడవడం కన్నా ఆగడం ముఖ్యం

ఇంజను చెడితే బండి ఆగిపోతుంది. బ్రేకు చెడితే బండి ఆగదు. అందుకే బ్రేకు పని ముందు చేయించాలి.

బ్రేకు ఎట్లా పని చేస్తుంది? పెడల్ తొక్కితే ఒక గొట్టంలోని బ్రేక్ ఆయిల్ ముందుకు తోసుకుపోతుంది. ఆ ఒత్తిడికి చక్రం లోపలి పట్టీలు డ్రమ్మును గట్టిగా పట్టుకుంటాయి. చక్రం ఆగుతుంది.

ఊరి బోరింగు వాషరు అరిగితే ఎంత కొట్టినా నీళ్లు సరిగా రావు. బ్రేకులో కూడా చిన్న రబ్బరు వాషర్లు ఉంటాయి. అవి అరిగితే ఆయిల్ కారుతుంది. ఎంత తొక్కినా బ్రేకు పడదు. చక్రం లోపలి వైపు తడి కనబడితే అనుమానించాలి.

ఇంకో పరీక్ష ఉంది. బండి ఆపి, పెడల్ తొక్కి అట్లాగే పట్టుకోవాలి. పెడల్ మెల్లగా కిందికి దిగితే ఎక్కడో కారుతున్నట్టు. మెత్తగా ఉండి, రెండు మూడుసార్లు తొక్కాక గట్టిపడితే గొట్టంలో గాలి ఉన్నట్టు. ఆ గాలి తీయించాలి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. అందుకే పాతది తీసి కొత్తది పోయించాలి. దాని బదులు ఇంజను ఆయిల్ పోయకూడదు. రబ్బరు ఉబ్బి చెడిపోతుంది. పాత పట్టీల దుమ్మును నోటితో ఊదకూడదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని. తడిబట్టతో తుడవాలి.

బ్రేకు తరువాత స్టీరింగు, కమాను పట్టీలు, టైర్లు చూడాలి.

టైరు మీది నాలుగు అంకెలు

టైరు పక్క భాగంలో ఒక చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 2318 అని ఉందనుకోండి. మొదటి రెండు అంకెలు వారం. చివరి రెండు సంవత్సరం. అంటే ఆ టైరు 2018లో 23వ వారంలో తయారైంది. టైరు అరగకపోయినా ఏళ్లు గడిస్తే రబ్బరు ఎండి పగుళ్లు వస్తాయి. అమ్మేవాడు "టైర్లు కొత్తవే" అంటే ఆ అంకెలు చదివి చూడాలి.

పొగ చెప్పే మాట

ఇంజను జబ్బు పొగలో తెలుస్తుంది. నల్లపొగ ఎక్కువగా వస్తే డీజిల్ సరిగా కాలడం లేదు. గాలి జల్లెడ మూసుకుపోయినా ఇట్లా అవుతుంది. నీలం పొగ వస్తే ఇంజను ఆయిల్ కాలుతోంది. ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే లోపలికి నీళ్లు పోతున్నాయేమో చూడాలి. వేడి మీద రేడియేటరు మూత తీయకూడదు. మరిగే నీళ్లు మొహం మీద చిమ్ముతాయి.

ఇవన్నీ అయ్యాకే రేకు పని. తుప్పు గీకాలి. ఉప్పుకాగితంతో రుద్దాలి. రెడాక్సైడు పూయాలి. గుంటలకు లప్పం పెట్టాలి. చివరికి రంగు.

కాగితాలు కూడా బండిలో భాగమే

బండికి ఆర్‌సీ ఉంటుంది. అందులోని ఇంజను నంబరు, చాసీ నంబరు బండి మీద కొట్టిన నంబర్లతో కలవాలి. కలవకపోతే కొనకూడదు. చాసీ నంబరును గీకకూడదు, మీద రంగు మందంగా పూయకూడదు. ఆర్‌సీలో ఫైనాన్సు అప్పు రాసి ఉంటే, తీరినట్టు కాగితం అడగాలి. బండి పేరు మార్చడానికి 29, 30 నంబర్ల ఫారాలు నింపాలి. పేరు మారకపోతే డబ్బు కట్టినా బండి తమది కాదు.

సరుకు బండికి ఫిట్‌నెస్ పత్రం ఉండాలి. ఎనిమిదేళ్లు దాటిన బండికి ప్రతి ఏడాది ఈ పరీక్ష చేయించాలి. బీమా కూడా ఉండాలి.

తొట్టి మనుషులకు కాదు

మిర్చి ఏరే రోజుల్లో కూలీ ఆడవాళ్లను తొట్టిలో నిలబెట్టి తీసుకుపోతుంటారు. తొట్టిలో సీట్లు లేవు, పట్టుకునే ఆధారం లేదు. మలుపులో అందరూ ఒకవైపు ఒరిగితే బండి కూడా ఒరుగుతుంది. సరుకు బండిలో కూలీలను ఎక్కించడం చట్టం ప్రకారం తప్పు. ప్రమాదం జరిగితే బీమా డబ్బు రావడం కష్టం. బండిని ఎంత బాగుచేసినా ఈ ప్రమాదం పోదు.

ఇది మగవాళ్ల పనేనా?

కాదు. ఇదే జిల్లాలోని సుజాతనగర్‌లో ఆదిలక్ష్మి అనే మహిళ మెకానిక్‌గా లారీ టైర్లు విప్పి బిగించేది. 2021లో ఆమె గురించి పత్రికలు రాశాయి. పానా పట్టడానికి ఆడా మగా తేడా లేదు.

పానా పట్టని వాళ్లు పెన్ను పట్టవచ్చు. బండి ధర, సామాన్ల ఖర్చు, మేస్త్రీ కూలీ, బీమా, అన్నీ ఒక నోటుబుక్కులో రాయాలి. కొనే ముందే మొత్తం కూడి చూడాలి. బాగుచేసే ఖర్చుతో కలిపి మంచి బండి ధర దాటిపోతే ఆ పాత బండి వదిలేయాలి.

మాట్లాడుకోండి

1. మీ ఊరి బండి టైరు మీద ఏ నాలుగు అంకెలు ఉన్నాయి?
2. రంగు కన్నా ముందు బ్రేకు ఎందుకు బాగుచేయాలి?
3. కూలికి పోయేటప్పుడు తొట్టిలో ఎక్కకుండా ఉండాలంటే అందరూ కలిసి ఏం చేయవచ్చు?