డబ్బా మీది అంకె చూసి స్కానర్ కొనకుండ్రి

తాత పెండ్లి ఫొటోను చెదలు తిన్నయి. ఇగ పోయినట్టేనా? కాకపోవచ్చు. దాని నెగిటివ్ ఏ పాత స్టూడియో అటక మీదనో, ఇంట్ల సందూక అడుగుననో ఉండొచ్చు.

ఒకప్పుడు స్టూడియోలల్ల రెండు కండ్ల యాషికా అసొంటి కెమెరాలు వాడేటోళ్లు. అండ్ల 120 రోల్ పడుతది. రోల్‌కు 12 ఫొటోలు. ఒక్కో నెగిటివ్ ఇంచుమించు 56 మిల్లీమీటర్ల చదరం, అంటే 35 ఎంఎం దానికంటే మూడున్నర రెట్లు పెద్దది. అంత ముచ్చట దాని లోపల దాగి ఉంటది. దాన్ని బయటికి తీసుడే అసలు పని.

కాయిదాలు స్కాన్ చేసే మామూలు మిషన్ దీనికి పనికిరాదు. నెగిటివ్‌కు వెలుగు ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు పారాలె. ఎప్సన్ వీ600ల ఆ ఏర్పాటు ఉన్నది. దాని డబ్బా మీద అంగుళానికి 6400 చుక్కలని రాసి ఉంటది. పరీక్ష పెట్టి చూస్తే నిజంగ విడిగ కనవడేది 1500 దాక మాత్రమే. 6400 పెట్టి స్కాన్ చేస్తే ఫైలు 20 కోట్ల పిక్సెళ్లకు ఉబ్బుతది గని, అండ్ల ఉన్న సరుకు కోటి చిల్లరే. అయినా 11 అంగుళాల ప్రింటుకు అది చాలు. గోడకు తాత ఫొటో పెట్టుకునుడే అయితే అంతకు మించి ఎందుకు?

వీ850 మెరుగు. నిజమైన లెక్క 2300 దాక వస్తది, నెగిటివ్ పట్టీ ఎత్తు సవరించుకోవచ్చు. ప్రింటు 16 అంగుళాల దాక పోతది. ధర మాత్రం చానా ఎక్కువ. నికాన్ కూల్‌స్కాన్ 9000 ఇంకా బాగ తీస్తది గని, దాని తయారీ ఎన్నడో ఆగింది. సెకండ్ హ్యాండ్‌ల కొన్నా ఇప్పటి కంప్యూటర్లకు సక్కగ తగలది.

ఇంకో మోసం ఉన్నది. దుమ్మును దానంతటదే తీసేసే 'డిజిటల్ ఐస్' రంగుల నెగిటివ్‌కే పనిచేస్తది. బ్లాక్ అండ్ వైట్ నెగిటివ్‌ల ఉండే వెండి ఇన్‌ఫ్రారెడ్ వెలుగును ఆపేస్తది, బొమ్మ ఖరాబైతది. తాతల ఫొటోలన్నీ గవే కదా! అందుకని దాన్ని బంద్ పెట్టి, రబ్బరు బ్లోయర్‌తోని దుమ్ము ఊదుండ్రి. బట్టతోని రుద్దకుండ్రి.

అసలు స్కానర్ కొనకున్నా నడుస్తది. మీ ఊర్ల పెండ్లి ఫొటోలు తీసే అన్న తాన 24 మెగాపిక్సెల్ కెమెరా ఉంటే, ఒక మాక్రో లెన్స్, కింద తెల్లటి లైటు చాలు. నెగిటివ్ సాపుగ, కెమెరా దానికి సరిగ్గ ఎదురుగ ఉంటే 4000కు 4000 పిక్సెళ్లు వస్తయి. అంటే కోటీ అరవై లక్షలు.

జర పైలం: నెగిటివ్ సిర్కా వాసన కొడుతుందంటే కుళ్లుడు షురువైనట్టు. దాన్ని వేరే పెట్టి, ముందుగాల దాన్నే స్కాన్ చేయుండ్రి. మంచి మిషన్ దొరకాలని ఎదురుచూస్తే మిషన్ వచ్చేనాటికి తాత మొకం ఉండది.