పాత విమానం బేరం

ధూల్‌పేటలో కాపురం పెట్టాక నాకు బాగా అబ్బిన విద్య, పాత వస్తువులు బేరమాడడం. పక్కనే జుమ్మేరాత్ బజార్ ఉండగా రాకేం చేస్తుంది? అక్కడ కొన్న కుట్టుమిషన్ చౌకగా దొరికిందని ఎంత మురిసిపోయానో! మోటారు, బెల్టు, బాబిన్ కేసు మార్పించేసరికి కొత్తదాని ఖరీదు అయి కూర్చుంది.

అందుకే, మావారు పాత మినీ లారీ కొందామనగానే నాకు భయం పట్టుకుంది. వినాయక చవితికి విగ్రహాలు మోస్తే రెండు సీజన్లలో డబ్బు తిరిగొచ్చేస్తుందట. పెట్టుబడి ఏమిటనుకున్నారు? మా అమ్మ పెట్టిన నాలుగు గాజులు!

"కోటీశ్వరులే పాత విమానాలు కొనుక్కుంటున్నారు, మనకి లారీకేం నామోషీ?" అన్నారు.

సరే, ఆ కోటీశ్వరుల సంగతేమిటో చూద్దామని మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని వివరాలన్నీ తీయించాను.

విజయ్ మాల్యా విమానం గుర్తుందా? మామూలుగా నూట ఇరవై మందికి పైగా ఎక్కే ఎయిర్‌బస్ ఏ319. ఆయన దాన్ని పాతికమందికే సరిపడేలా, పడకగది, బార్‌తో సహా ముచ్చటపడి చేయించుకున్నారు. బాకీల కింద సర్వీస్ ట్యాక్స్ శాఖ 2013లో జప్తు చేసింది. 2016లో వేలానికి పెట్టి 152 కోట్లకు తక్కువైతే ఇవ్వమన్నారు. వచ్చిన పాట ఎంతో తెలుసా? కోటీ తొమ్మిది లక్షలు! చివరికి 2018లో సుమారు 35 కోట్లకు ఒక అమెరికా కంపెనీ పట్టుకుపోయింది.

ఎందుకలా అయిందంటే, ఎగరకుండా ఏళ్ల తరబడి ముంబై విమానాశ్రయంలో పడి ఉంది మరి. వాడని మిషన్ తుప్పు పట్టినట్టే విమానమూ పాడవుతుంది. పైగా ఒకరి ముచ్చట ఇంకొకరికి నచ్చాలని ఏముంది? కొన్నవాళ్లు ఆ పడకగదులు పీకించి తమకు కావలసినట్టు కట్టించుకోవాలి. ఈ రకం విమానాలకు ఆరేళ్లకోసారి, పన్నెండేళ్లకోసారి పెద్ద తనిఖీలుంటాయి. అప్పుడు ఎంత ఖరీదైన అలంకరణ అయినా సరే, విప్పి వెనకాల చూడాల్సిందే. ఏ భాగం ఎప్పుడు మార్చారో చెప్పే కాగితాలు లేకపోతే విలువ సగానికి సగం పడిపోయినా ఆశ్చర్యం లేదు.

మన ఊరివాళ్ల కథ ఇంకా బాగుంటుంది. పిస్తా హౌస్ వాళ్లు హోటల్ పెట్టడానికి పాత విమానం కొన్నారు. 2022 నవంబరులో కొచ్చి నుంచి ట్రైలర్ మీద వస్తూ, బాపట్ల జిల్లా కొరిశపాడు దగ్గర అండర్‌పాస్‌లో ఇరుక్కుపోయింది. పోలీసులు సాయంపట్టి ఎలాగో బయటికి తెప్పించారు.

ఇది వినగానే మావారు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఏటా చవితి ముందు మా సందులో ఇదే తంతు! విగ్రహం లారీ ఎక్కుతుంది, మలుపు దగ్గర కరెంటు తీగ అడ్డొస్తుంది. కర్రతో తీగ ఎత్తేవాడొకడు, "ఆగాగు" అని అరిచేవాళ్లు పదిమంది.

"ఏమండీ, లారీ ధర చెప్పారు సరే. టైర్లు, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్? చవితి అయిపోయాక పదకొండు నెలలు దాన్నెక్కడ పెడతారు?" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత కాగితం, పెన్ను తెచ్చుకున్నారు.

ఆదివారం మెకానిక్‌ని వెంటబెట్టుకుని చూడ్డానికి వెళుతున్నాం. ఆర్.సి. బుక్కు నేనే చదువుతానని చెప్పాను. గాజులు ఇంకా నా చేతికే ఉన్నాయి. ఎత్తు కొలవడానికి సంచిలో టేపు కూడా వేసుకున్నాను.